ఐదింటిలోపు వంతెన

నా చెయ్యి తగిలి చెడిన యంత్రం ఈ భూప్రపంచంలో లేదు. గడియారమైనా, నీళ్ళ పంపైనా, కంప్యూటరైనా నన్ను చూస్తే బుద్ధిగా నడుస్తుంది. కాబట్టి ఆ సాయంత్రం సంగతి ధైర్యంగా చెబుతాను.

నాలుగూ నలభై. మా కోడలు కంప్యూటరు ముందు కొయ్యబారిపోయి కూర్చుంది. మూడు నెలలు కళ్ళు పీక్కుపోయేలా గీసిన వంతెన నక్షా. ఐదింటిలోపు పంపితే పోటీలో ఉన్నట్టు, లేకపోతే లేనట్టే. అది చూస్తే సేవ్ కానంటోంది. తెర మీద బాణం నత్తలా పాకుతోంది.

"చిన్నా! తొందరగా రా, ఇది చచ్చేలా ఉంది!"

మా చిన్నవాడు తడితలతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఆపేసి మళ్ళీ పెడదాం వదినా."

"ఆపితే పొద్దుట్నించీ మార్చిందంతా గోవిందా! చెయ్యి తియ్యి!"

వాడు కంప్యూటరు పెట్టె మీది దీపం చూశాడు. రెప్పపాటు ఆగకుండా మిణుకుతోంది.

"డిస్కుకి ఊపిరి సలపడం లేదు. దాని నెత్తిన ఇంకేదో పెద్ద పని ఉంది. నీ నక్షా వరసలో నిలబడింది."

"ఏం పని? వంతెన తప్ప నేనేదీ తెరవలేదే!"

ఏమేం నడుస్తున్నాయో చూపే పట్టీ తెరుచుకోవడానికే ఆరు నిమిషాలు పట్టింది. నాలుగూ యాభై ఒకటి. కోడలి నుదురంతా చెమట.

"వదినా, డిస్కులో ఉన్నదంతా కాపీ అవుతోంది. మీ పెళ్ళి వీడియోలతో సహా. అదీ ఒకటి కాదు, ఒకేసారి మూడు!"

"విడ్డూరాలు తర్వాత. ముందు ఆపు!"

ఒకటి ఆపాడు. రెండోదీ ఆపాడు. మూడోదాని దగ్గర బాణం మొరాయించింది. యాభై ఆరు. యాభై ఏడు. ఆగింది! దీపం చల్లబడింది. నక్షా సేవయింది, బయల్దేరింది. 'అందింది' అన్న మాట కనబడేసరికి యాభై తొమ్మిది.

అప్పుడు వెనక్కి తిరిగింది కోడలు.

"ఇంతకీ ఇది ఎవరి నిర్వాకం?"

పిల్లిది. మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా బల్లెక్కి, కుడికాలితో కాపీ మీట టకటకా మూడుసార్లు నొక్కి దిగిపోయింది. కోడలు కళ్ళెర్రజెయ్యగానే పెరట్లోకి జారుకుంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. మా ఇంట్లో పిల్లి లేదు. ముప్పయ్యేళ్ళు రికార్డు గదిలో పనిచేసి, మూడు నకళ్ళు లేనిదే ఏ కాగితాన్నీ నమ్మని మామగారున్నాడు.