అద్దంలో చూసి వేసిన మంత్రం

పాచిక టిఫిన్ మూతలో గిర్రున తిరిగి ఆగింది.

"పదహారు! బతికిపోయినవ్ అర్చనా," అన్నాడు సతీష్.

పెద్దమందడి నుంచి వనపర్తికి పోయే పొద్దుటి బస్సు. బస్సు మొత్తానికి సెల్‌ఫోన్ ఉన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో అయిన రోజులు. డిగ్రీ చదివే ముగ్గురు ఒకే సీట్లో ఒదిగి కూర్చున్నారు. మధ్యలో అర్చన, ఆమె ఒళ్లో మూత.

శ్రవణ్ కుమార్ హైదరాబాదులో మేనబావ దగ్గర ఈ ఆట నేర్చుకొచ్చాడు. అతను కథ చెప్తాడు. మిగతా ఇద్దరూ ఆ కథలో మనుషులు. ఎవరేం చేస్తారో వాళ్లే చెప్పాలి. అయిందో కాలేదో ఇరవై ముఖాల పాచిక చెప్పాలి. పాచిక మూత దాటి పడిందా, చేసిన పని బెడిసికొట్టినట్టే.

ఆటలో అర్చన పేరు నీలి. నల్లమలలో ఒంటరిగా తిరిగే మంత్రగత్తె. వానాకాలం నుంచి ఒక్కో మంత్రం నేర్పుకుంటూ పెంచిన మనిషి. నీలి లేకుంటే అర్చనకు ఆటే వద్దు.

ఆ నీలి ఇప్పుడు గుహలో చిక్కింది. ఎదురుగా రాతికన్ను రాక్షసుడు. వాడి కళ్లలోకి చూసినవాళ్లు రాయైపోతారు.

"నేను వాని దిక్కు చూడ. వెనక్కి తిరిగి, అద్దంల చూసి మంత్రం ఏస్త," అంది అర్చన.

"చెల్లదు," అన్నాడు శ్రవణ్. "మంత్రం ఎయ్యాలంటే మనిషిని చూడాలె. అద్దంల కనపడేది మనిషి కాదు, బొమ్మ."

"పొద్దుగాల గడ్డం గీసుకుంటివి గద. అద్దంల చూసేనా?"

"అవ్."

"బ్లేడు కోసుకుంది. నెత్తురు అద్దానికొచ్చిందా, నీ గదుమకొచ్చిందా?"

సతీష్ పడీపడీ నవ్వాడు. శ్రవణ్ గదుమ తడుముకున్నాడు.

"సరే, రేపు ఎయ్యి. పదిహేను దాటితే రాక్షసుడు సస్తడు. తక్కువ పడ్డా, మూత దాటినా మంత్రం నీకే తిరుగుతది. నీలి రాయైతది."

అర్చన తలెత్తింది. డ్రైవర్ నెత్తిమీది అద్దంలో రెండు ఎర్రటి కళ్లు ఆమెనే చూస్తున్నాయి.

రోజూ ఇంతే. ఆమె పాచిక పట్టి చెయ్యి లేపితే చాలు, ఆ కళ్లు అద్దంలోకి వచ్చేస్తాయి. అసలు ఆ డ్రైవర్ ఈరన్నను చూసే శ్రవణ్ తన రాక్షసుడికి ఆ పేరు పెట్టాడు.

దిగేటప్పుడు అర్చన కండక్టర్ రాములమ్మ దగ్గర ఆగింది.

"అక్కా, మీ డ్రైవర్ సారును జర రోడ్డు చూడమను. ఎప్పుడు చూసినా మా దిక్కేనా?"

"రేపొక్కరోజు ఓర్సుకో బిడ్డా. ఎల్లుండి సంది ఆయన గద్వాల బస్సుకు పోతుండు."

"హమ్మయ్య. పీడ పోతది."

మర్నాడు ఎక్కగానే అర్చన తన బ్యాగును ముందు సీటు కడ్డీకి తగిలించింది. అద్దం మరుగైపోయింది. రాతికన్ను ఇక కనబడదు.

కళ్లు మూసుకుని చెయ్యి లేపింది. పాచిక వేసింది.

అదే క్షణాన బస్సు గుంతలో దభీమని పడింది. పాచిక మూతలోంచి ఎగిరి, సీట్ల కింద దొర్లుకుంటూ ముందుకు పోయింది.

తర్వాతి స్టేజీ దగ్గర బస్సు ఆగాక ఈరన్నే దాన్ని పట్టుకొచ్చాడు.

"బ్యాగు జర దించు బిడ్డా. నువ్వు కనపడ్తలేవు."

అర్చనకు ఒళ్లు మండింది. పాచికను గుంజుకుంది.

"మీకు నేనెందుకు కనపడాలె?"

ఈరన్న మీసం సవరించుకుని తన సీటుకు వెళ్లిపోయాడు.

"బస్సు దుంకితే నీలిదేం తప్పు?" అని సతీష్ బతిమాలాడు.

"రేపొక్కసారి ఇస్త," అన్నాడు శ్రవణ్. "గదే ఆఖరు."

ఆ మర్నాడు కొత్త డ్రైవర్. బుద్ధిగా రోడ్డునే చూస్తున్నాడు. అద్దం వైపు తలే తిప్పలేదు.

అర్చన బ్యాగు ఒళ్లో పెట్టుకుని, నిమ్మళంగా చెయ్యి లేపింది.

గుంత రాగానే పాచిక ఈసారి ఇంకా ఎత్తుకు ఎగిరింది.

సతీష్ సీటు కింద దూరి దాన్ని వెతికి తీశాడు. "అరే, ఈ రోడ్డుకేమైంది? మొన్నటిదాంక మంచిగనే ఉండె గద!"

టికెట్లు చింపుతున్న రాములమ్మ నవ్వింది.

"రోడ్డు ఎప్పుడూ గిదే బిడ్డా. ఆ పిల్ల చెయ్యి లేపుడు అద్దంల చూసి, ఈరన్న సారు గుంతకాడ బండిని పసిపిల్లను దించినట్టు దించుతుండె. 'పిల్లల గవ్వ దుంకొద్దు రాములమ్మా' అంటుండె."

'నువ్వు కనపడ్తలేవు' అన్న ఈరన్న మాట అర్చనకు ఇప్పుడు వినిపించింది. ఒళ్లోని బ్యాగును మెల్లగా కింద, కాళ్ల దగ్గర పెట్టింది.

"అక్కా, గద్వాల బస్సు వనపర్తికి ఎన్నింటికొస్తది?"

"ఎందుకు?"

"సారుకు ఆట నేర్పాలె. గవ్వ కాదని చెప్పాలె."

శ్రవణ్ సతీష్ చేతిలోని పాచికను తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"నీలి రాయి కాలే. నీ మాటే నిజం అర్చనా, అద్దంల చూసి ఏసిన మంత్రం తగుల్తది. వానాకాలం సంది మనకు తగుల్తనే ఉండె."