ఏడో నంబరు గీత

“పొద్దున ఏమీ తినలేదన్నావు కదూ, సత్తామ్?” మింగిన మాత్రలోంచి నెత్తురులోకి ఎంత మందు చేరిందో లెక్కగట్టే లుబ్నా, మందు పరీక్షకు పరగడుపున రావలసిన అతనికి గ్రాఫులో అతని ఏడో నంబరు గీత చూపించింది. “అందరికీ గంటలో చేరింది. నీకు మూడు గంటలు. దారిలో ఏం అడ్డమొచ్చింది?”

“చెబితే ఒకరి పని పోతుంది, డాక్టరమ్మా.”

వెనక నిలబడ్డ ముసలి నర్సు ఉమ్ గైస్ గొంతు సవరించుకుంది. “మన గడప తొక్కినవాణ్ణి ఖాళీ కడుపుతో కూర్చోబెట్టలేకపోయాను తల్లీ. రెండే ఖర్జూరాలు.”

“రెంటికే ఇంత ఆలస్యమా?”

“పక్కన కాస్త రొట్టె, నెయ్యి.”

లుబ్నా నవ్వు ఆపుకుని సత్తామ్ లెక్క కొట్టేసింది. కారణం గడిలో ‘తిన్నాడు’ అని రాసింది. పెట్టిందెవరో కూడా రాయాలి.

కలం ఆగింది. తన ఎడమచేతిలోనే సగం కొరికిన ఖర్జూరం ఉంది.

“నువ్వూ పొద్దుటి నుంచి ఏమీ తినలేదుగా,” అంది ఉమ్ గైస్.

లుబ్నా ఆ గడిని అంతటితో వదిలేసింది.