పంపుగది ఎదుటి బల్ల

"లే అక్కణ్ణించి," అన్నాడు ఓర్లిన్ టోర్విక్.

బల్ల మీద కూర్చున్న మనిషి లేవలేదు. వేళ్ల మధ్య గంజాయి చుట్ట పొగలు కక్కుతోంది.

"ఎండ బాగుంది. కూర్చో, కెప్టెన్," అన్నాడు.

"నేను కెప్టెన్నీ కాదు, నీ చుట్టాన్నీ కాదు. ఊరి కౌన్సిల్ మెంబర్ని. ఇది పార్కు. ఆ పాడు పొగ తాగడానికి నీకు ఈ చోటే దొరికిందా?"

"ఇక్కడికి ఎవరూ రారనే వచ్చాను. ఈ కంపులో నేను కాక ఇంకెవరు కూర్చుంటారు?"

అదీ నిజమే. బల్లకి ఎదురుగా మురుగునీటి పంపుగది ఉంది.

నార్డెన్ ఊళ్లోని ఇళ్ల మురుగంతా అక్కడికే చేరుతుంది. పంపు తోస్తేనే ఊరు దాటుతుంది. పంపు ఆగితే గది మీద ఎర్రదీపం వెలుగుతుంది. చూసినవాళ్లు తలుపు మీద రాసిన నంబరుకి ఫోన్ చేస్తారు. ఊరవతల ఉండే డ్వేన్ వచ్చి పంపుని మళ్లీ నడిపిస్తాడు.

ఎవరూ చేయకపోతే మురుగు వెనక్కి తన్నుకొచ్చి ఇళ్ల నేలమాళిగల్లో తేలుతుంది.

ఓర్లిన్ నేలమాళిగలో భార్య ఆర్డిస్ కుట్టుమిషన్ ఉంది. ఆమె కుట్టిన బొంతలున్నాయి. సగం కుట్టిన ఆఖరి బొంత మిషన్ కిందే నేల మీద పరిచి ఉంది.

ఆమె చనిపోయాక ఆయన అక్కడ ఏదీ కదపలేదు. పొద్దున్నే కాఫీ పట్టుకుని మెట్లు దిగి, ఆ మిషన్ పక్కన కూర్చుంటాడు. ఇంకెవరి పక్కనా కూర్చోడు.

ఆ సోమవారం కౌన్సిల్ సమావేశమైంది. కిటికీల అవతల మంచు కురుస్తోంది.

మొదట పంపు సంగతి వచ్చింది.

"ఆ పంపు ముసలిదైపోయింది," అంది మేయర్ మర్నా. "కొత్తది పెడదాం. ఆగిన క్షణాన తనే డ్వేన్‌కి ఫోన్ చేసే యంత్రం కూడా దానికి ఉంటుంది. ఇంటిపన్ను కాస్త పెంచక తప్పదు."

"ఎందుకు పెంచాలి?" అన్నాడు ఓర్లిన్. "ఇన్నేళ్లలో ఒక్క ఇంట్లోకైనా మురుగు వచ్చిందా? దీపం వెలిగిన ప్రతిసారీ మనవాళ్లు ఎవరో ఒకరు ఫోన్ చేశారు. ఈ ఊళ్లో మనుషులకి కళ్లున్నాయి. యంత్రం దేనికి?"

"కళ్లుంటే చాలదు ఓర్లిన్, ఫోన్ చేసే చెయ్యి కూడా ఉండాలి."

"అదీ ఉంది కాబట్టేగా నీ ఇల్లు కంపు కొట్టకుండా ఉంది!"

అందరూ నవ్వారు. పంపు సంగతి పక్కకి పోయింది.

తర్వాత గంజాయి. దాన్ని తాగడం నేరం కాదని రాష్ట్రం చట్టం చేసేసింది. పార్కుల్లో, వీధుల్లో తాగనివ్వాలా వద్దా అన్నది మాత్రం ఏ ఊరికి ఆ ఊరు తేల్చుకోవాలి.

వెనక వరసలోంచి పార్కు బల్ల మీది ఆ మనిషి లేచాడు. నడుము పట్టుకుని మైకు దాకా వచ్చాడు.

"పేరు, చిరునామా చెప్పండి," అంది మర్నా. అలా చెప్పనిదే అక్కడ ఎవరూ మాట్లాడకూడదు.

"రస్సెల్ మీడ్. ఇనపసామాన్ల కొట్టు పైన అద్దెగది. గదిలో తాగితే ఇంటాయన వెళ్లగొడతాడు. తాగకపోతే ఈ నడుము నన్ను నిద్రపోనివ్వదు."

"అయితే సొంత ఇల్లు కొనుక్కో," అన్నాడు ఓర్లిన్.

"కొనగలిగితే నీ ముందు ఎందుకు నిలబడతాను? ఆ పంపుగది ఎదుటి బల్ల ఒక్కటి వదిలెయ్యి, కెప్టెన్. నాకది చాలు."

"నీకు ఇవాళ బల్ల వదిలితే రేపు ఇంకొకడు ఉయ్యాలలు అడుగుతాడు. కుదరదు."

చేతులు లేచాయి. మొదటిది ఓర్లిన్‌ది. తాగితే జరిమానా.

గంజాయి తాగరాదని బోర్డు పెట్టడానికి మర్నాడు మనిషిని పంపుతానంది మేయర్. ఓర్లిన్ ఆగలేదు. తనే మరలు తెచ్చి, ఆ బల్ల వీపుకి బోర్డు బిగించి వచ్చాడు.

వారం తిరక్కుండానే రస్సెల్ మీడ్ తన పాత ట్రక్కులో సామానేసుకుని వెళ్లిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

"పీడ పోయింది," అన్నాడు ఓర్లిన్ కాఫీ హోటల్లో.

ఏప్రిల్‌లో మంచు కరిగింది. దాని మీద వాన పడింది.

ఆదివారం పొద్దున చర్చికి వెళ్తూ ఓర్లిన్ కారులోంచి ఎర్రదీపాన్ని చూశాడు. ముందు వెళ్లే కారువాళ్లూ చూశారు, వెనక వచ్చేవాళ్లూ చూశారు.

ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారనుకున్నాడు.

చర్చిలో పాటలయ్యాయి, కాఫీలయ్యాయి. ఇంటికొచ్చి తలుపు తీస్తే కంపు గుప్పున కొట్టింది.

మెట్లు దిగాడు. మోకాళ్ల దాకా నల్లటి నీళ్లు. బొంతలు తేలుతున్నాయి.

మధ్యాహ్నానికి డ్వేన్ రబ్బరు బూట్లతో వచ్చాడు. ఓర్లిన్ నీళ్లలోనే నిలబడి ఉన్నాడు. చేతుల్లో సగం కుట్టిన బొంత కారుతోంది.

"నీకు ఎవరూ ఫోన్ చెయ్యలేదా?"

"లేదండీ. చర్చి నుంచి వచ్చి నా కళ్లతో నేనే చూశాను."

"ఎప్పుడూ ఎవరో ఒకరు చేసేవారు కదా!"

"ఎవరో ఒకరు కాదండీ. రెండేళ్ల నుంచీ ఒక్కడే చేసేవాడు."

"మరి కౌన్సిల్‌కి చెప్పవేం?"

"మీరెప్పుడైనా అడిగారా?"

"ఎవడు వాడు?"

"పేరు చెప్పేవాడు కాదు. 'నీ ఎర్రదీపం వెలిగింది, కెప్టెన్' అనేసి పెట్టేసేవాడు."

ఓర్లిన్‌ని ఆ పిలుపు పిలిచినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. వాడి బల్లకి ఓర్లిన్ తన చేత్తోనే బోర్డు బిగించి వచ్చాడు.