రెండో జాకెట్

"రెండుంటేనే ఎక్కుతా! లేకపోతే నేనూ రాను, నాన్నా రాకూడదు!"

రేవులో కూతురు గొంతు చించుకుని ఏడుస్తుంటే స్టోర్‌కీపర్‌కి తల కొట్టేసినట్టయింది. ఆఫీసువాళ్ళంతా పిల్లాపాపలతో పడవలో కూర్చుని వీళ్ళిద్దరి కోసమే చూస్తున్నారు. లైఫ్ జాకెట్ మాత్రం ఒక్కటే మిగిలింది.

"అది నువ్వేసుకో తల్లీ. నాకెందుకు? నీ వయసులో నేను ఏటికి ఎదురీదినవాణ్ణి," అన్నాడు, పడవలో వాళ్ళకి కూడా వినపడేలా.

"ఊహూఁ! రెండుంటేనే!"

"ఏడాది నుంచీ ఈత నేర్చుకుంటున్న పిల్లకి ఇంత భయమేమిటి అన్నయ్యగారూ?" మేనేజరుగారి భార్య నవ్వింది. "మా బుజ్జిగాణ్ణి చూడమనండి. వీడికి నాలుగేళ్ళే!"

పడవంతా గొల్లుమంది. అతను కూతురి మీదికి వంగాడు.

"నా పరువు తీయకు. ఎక్కు," అన్నాడు పళ్ళు కొరుకుతూ.

ఆ పిల్ల ఇసుకలో చతికిలబడి అతని కాలు వాటేసుకుంది. అతను చెయ్యెత్తాడు. కొట్టలేదు. కానీ ఎత్తిన చెయ్యిని అందరూ చూశారు.

"పోనీలెండి సార్, మళ్ళీ విడతలో వద్దురుగాని," అంటూ పడవవాడు తాడు విప్పాడు.

పడవ ఇంకా కూతవేటు దూరం దాటలేదు. ఎవరో ఫొటో అన్నారు. అంతే, అందరూ ఒక పక్కకి జరిగారు. పడవ ఒరిగి బోర్లాపడింది.

జాకెట్లు వేసుకున్న మనుషులు బెండుల్లా తేలారు. బుజ్జిగాడి జాకెట్ ఒక్కటే ఖాళీగా తేలింది. దాని బెల్టు ఎవరూ పెట్టలేదు.

"అన్నయ్యగారూ, దూకండి! మా వాడు... మా వాడు!"

ఒడ్డున అతను కొయ్యబారిపోయాడు. కూతురు అతని కాలిని ఇంకా గట్టిగా చుట్టేసి, "వెళ్ళొద్దు నాన్నా, వెళ్ళొద్దు!" అని కేకలు పెట్టింది.

పడవవాడే మునిగి, మునిగి, చివరికి బుజ్జిగాణ్ణి జుట్టు పట్టుకుని పైకి లాగాడు. ఒడ్డున పడుకోబెట్టి తట్టగా తట్టగా నీళ్ళు కక్కి, కేరుమన్నాడు వాడు. అందరికీ ప్రాణం లేచొచ్చింది.

కొడుకుని గుండెకి హత్తుకుని మేనేజరు తలెత్తాడు. "గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డావేమయ్యా? ఎదురీదినవాడివి!"

స్టోర్‌కీపర్ నోరు తెరవబోయాడు.

"నేనే వదల్లేదంకుల్," అంది కూతురు. "నాకు భయమేసింది."

"పిరికిపిల్ల," అన్నారెవరో. మేనేజరుగారి భార్య ఆ పిల్ల వంక చూసిన చూపుకి ఎవరైనా కుంచించుకుపోవలసిందే. ఆ పిల్ల తల దించుకుంది. అతనూ దించుకున్నాడు.

బస్సు వైపు నడుస్తూ, ఎవరూ దగ్గర లేకుండా చూసి అడిగాడు.

"నీళ్ళలో దిగితే చేపపిల్లవి కదమ్మా. ఇవాళ ఎందుకంత భయపడ్డావు?"

ఆ పిల్ల అతన్ని కిందికి వంచి, చెవిలో గుసగుసగా అంది.

"నీకు ఈత రాదని అందరి ముందూ ఎలా చెప్పను నాన్నా?"