పిడుగు పక్కటెముకలు

మూడు పక్కటెముకలు తీసేశాక అది ఊపిరెలా పీలుస్తుందని అత్తగారు అడిగింది.

పశువుల డాక్టరమ్మ విసుక్కోలేదు. ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి ఎత్తిపట్టి, గడ్డ పట్టిన ఎముకనీ, దానికి అటూ ఇటూ ఉన్న ఎముకల్నీ పెన్సిలు మొనతో చూపించింది. గడ్డ ఒక్కటీ తీస్తే సరిపోదట. చుట్టూ బాగున్న చోటు కూడా కొంత తీసేస్తేనే మళ్ళీ రాదన్న ధీమా. అక్కడ పడ్డ కంతని సన్నటి జాలీతో మూసి, వీపు కండని దాని మీదకి తిప్పి కుట్టేస్తారట.

"జాలీ అంటే దోమతెర గుడ్డ లాంటిదా?" అంది అత్తగారు.

మిషను కుట్టి కొడుకుని పెంచిన మనిషి. ఆవిడ అనుమానాలన్నీ కుట్టు చుట్టూనే తిరిగాయి. దారం కరిగిపోతుందా, లోపలే ఉండిపోతుందా? ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీ ఉబ్బుతుంది కదా, కుట్టు పిగిలిపోదా? వయసు మళ్ళాక తట్టుకోగలదా?

కోడలి ఒళ్ళో బుట్ట, బుట్టలో పిడుగు. జానెడు కుక్క. వీధిలో లారీ ఆగినా దాని మీదకి యుద్ధానికి వెళ్తుంది కాబట్టి కోడలే ఆ పేరు పెట్టింది. ఇవాళ కిక్కురుమనకుండా పడుకుంది.

మామగారు పోయినప్పుడు అత్తగారు మంచం దిగలేదు. కొడుకు బతిమాలినా ముద్ద ముట్టలేదు. ఈ పిడుగే ఖాళీ గిన్నె ముందు కూర్చుని ఊళ్ళో వాళ్ళందరికీ వినపడేలా ఏడిస్తే, ఆవిడ తిట్టుకుంటూ లేచి వచ్చింది. ఇప్పుడు దీనికేమైనా అయితే ఈవిడ మళ్ళీ మంచం పడుతుంది. ఈసారి లేవదు. కోడలి భయమంతా అదే.

ఆ భయానికి తోడు ఇంకోటి. కుక్కని చంకన వేసుకునే ఇల్లంతా తిరిగే మనిషి, ఈ మధ్య ఎత్తుకోవడమే మానేసింది. పొద్దున బయల్దేరేటప్పుడు కూడా బుట్ట కోడలి చేతికిచ్చి చేతులు దులుపుకుంది. అప్పుడే మమకారం తెంచుకుంటోంది కాబోలని కోడలు అనుకుంది.

"ముందే తెచ్చుంటే?" అని అడిగింది అత్తగారు.

డాక్టరమ్మ ఫిల్ము బల్ల మీద పెట్టింది. "బఠాణీ గింజంత ఉన్నప్పుడు తెస్తే చిన్న పనితో పోయేదమ్మా. ఇలాంటివి ఆగినకొద్దీ పాకుతాయి."

అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. మీ తప్పేముంది అత్తయ్యా, ఆ బొచ్చులో మనకెలా కనిపిస్తుందని కోడలు నచ్చజెప్పబోయింది. ఆవిడ విన్నట్టు లేదు.

పిడుగుని లోపలికి తీసుకెళ్ళారు. వరండాలో ఇనప బెంచీ, ఫినాయిల్ వాసన, పక్కన పంజరంలో ఎవరిదో పిల్లి. మొగుడికి ఫోన్ చేద్దామని తీసి, మళ్ళీ లోపల పెట్టేసింది కోడలు. అతను బస్సు నడుపుతుంటాడు. ఈ కబురు విని స్టీరింగు మీద చేతులు వణికితే అదో ముప్పు.

ఆపరేషను గది తలుపు తెరుచుకుని కాంపౌండరు పరుగున బయటికొచ్చాడు. అలమారలోంచి ఏదో సీసా లాక్కుని మళ్ళీ పరుగున లోపలికెళ్ళాడు. ఎవరి మొహమూ చూడలేదు. ఎన్నడూ లేనిది కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తన చేతికన్నా చల్లగా ఉంది.

చివరికి డాక్టరమ్మ వచ్చి, కోత అయిపోయిందనీ అసలు గండం ఇప్పుడేననీ చెప్పింది. ఛాతీలో చేరిన గాలిని గొట్టంతో లాగేస్తున్నారు. ఊపిరితిత్తి విచ్చుకుని, పిడుగు తనంతట తాను ఊపిరి పీల్చాలి.

అద్దంలోంచి చూశారు. బొచ్చు గీసేసిన పక్క, కోడిపిల్ల అంత ఒళ్ళు, అందులోంచి ఒక గొట్టం. ఊపిరి తీసినప్పుడు పైకి లేవాల్సిన చోటు లోపలికి సొట్టపోతోంది. కొంచెం అలా ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పినా, కోడలు చూడలేక కళ్ళు మూసుకుంది. ఎంత వద్దనుకున్నా పాడు ఆలోచనలే వచ్చాయి. తెరిచేసరికి అత్తగారు నుదురు అద్దానికి ఆనించి, రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

సొట్ట మెల్లగా తగ్గింది. కాసేపటికి కాంపౌండరు గొట్టం సర్దబోతే, పిడుగు కళ్ళు తెరవకుండానే అతనికి పళ్ళు చూపించింది. ఇక ఫరవాలేదని డాక్టరమ్మ నవ్వేసింది.

కుట్లు విప్పే రోజుకి అది బల్ల మీద నిలబడి డాక్టరమ్మ మీదే మొరిగింది. పరీక్షకి పంపిన ముక్క అంచుల్లో గడ్డ జాడ లేదట. అత్తగారు వంగి ఆ మచ్చని వేలితో తడిమింది. నొప్పి ఎన్నాళ్ళు ఉంటుంది, ఆ పక్కకి తిరిగి పడుకోవచ్చా, బరువు పనులు చెయ్యొచ్చా అని అడిగింది. కుక్కకి బరువు పనులేమిటమ్మా అని డాక్టరమ్మ నవ్వింది. కోడలూ నవ్వింది, చాలా రోజుల తర్వాత.

బయట మెట్ల మీద బుట్ట దించి కోడలు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "ఇంక భయం లేదత్తయ్యా. గండం గడిచింది. మీరు కడుపునిండా తిని కంటినిండా నిద్రపోండి."

అత్తగారు ఆమె పక్కన కూర్చుని, చుట్టూ ఎవరూ లేరని చూసుకుంది.

"దానికొచ్చిన చోటే నాకూ వచ్చింది గడ్డ, అది బతికితే నీకు చెబుదామని ఇన్నాళ్ళూ ఆగానమ్మా" అంది.