కుడి అరచెయ్యి

"ఈసారి చిరగనివి కుట్టండి సిరాజ్ గారూ. మెత్తగానూ ఉండాలి. మావాడి పట్టు మామూలుది కాదు!"

తమ్ముడు గోకార్టు అనే బుల్లి కార్ల రేసుల్లో చించేసిన మూడు జతల గ్లవ్స్ హేమ గర్వంగా బల్ల మీద పెట్టింది.

ఆటోనగర్‌లో లారీలకి సీట్లూ స్టీరింగు కవర్లూ కుట్టే సిరాజ్ వాటిని వరసగా పేర్చాడు. ఎడమచేతివి మూడూ కొత్తవాటిలా ఉన్నాయి. కుడిచేతివాటికే అరచేతి దగ్గర చిల్లులు.

ఒక జత తొడుక్కుని, ఎదురుగా స్టీరింగు ఉన్నట్టే పట్టుకుని చూశాడు. అతని ముఖం మారిపోయింది.

"ఇది తోలు లోపం కాదమ్మా. బండి ఎడమపక్కకి లాగేస్తోంది. మీవాడు కుడిచేత్తో బలంకొద్దీ ఆపుతున్నాడు. స్టీరింగు రాడ్డు విరగబోయే లారీల కవర్లు ఇలాగే ఒకపక్కే అరుగుతాయి. ముందు ఆ బండి ఆపించండి."

హేమ సెల్ తీసి తమ్ముడికి చేసింది. రింగవుతోంది గానీ ఎత్తడం లేదు.

"రేసు నాలుగింటికండీ."

గోడ గడియారంలో నాలుగూ పది.

"మరి ఇవాళ చేతులకేం వేసుకున్నాడు?"

"ఏమీ లేదండీ. కుడిచెయ్యి బొబ్బలెక్కిందని..." హేమ మళ్ళీ తమ్ముడి నంబరు నొక్కింది. "ఎడంచేత్తోనే తోలేస్తానన్నాడు."