ముగింపు మామయ్య

"మామయ్యగారూ! మీరు చెప్పింది పచ్చి అబద్ధం!"

లైబ్రరీ గుమ్మంలోనే కుట్టుమిషను అక్క గొంతు ఖంగుమంది. ఆవిడ చేతిలో ఒక లావుపాటి కుటుంబ నవల.

గుమ్మం పక్క కుర్చీలో, గొడుగు పిడి మీద గడ్డం ఆనించి కూర్చున్న పెద్దాయన ముఖం వెలిగిపోయింది.

"ఏం, పెద్దకోడలు ఇల్లు వదిలి పోలేదా?"

"పోవడమా! తాళాలగుత్తి అత్తగారి ముందు పడేసి, మళ్లీ ఆవిడ చేతే బతిమాలించుకుని తీసుకుంది. అసలు ఏం జరిగిందంటే..."

ఇక ఆవిడ మొదలుపెడితే ఆగుతుందా? తోటికోడళ్ల పోట్లాటలు, మరిది అలకలు, మామగారి మొండితనం అన్నీ నిలబడే ఏకరువు పెట్టింది. పెద్దాయన ఊఁ కొడుతూ విన్నాడు.

లోపల బల్ల దగ్గర లైబ్రేరియన్ పళ్లు నూరుకుంది. ఇది లైబ్రరీయా, సంతా?

ఆయన్ని అందరూ ముగింపు మామయ్య అంటారు. మబ్బు తునక లేకపోయినా చేతిలో గొడుగు, ఒళ్లో ఏదో ఒక పుస్తకం. ఎవరు పుస్తకం తీసుకుని బయల్దేరినా, "అట్ట వెనక ఏం రాశారు, కాస్త చదువు" అంటాడు. వినగానే, అడిగినా అడక్కపోయినా, దాని ముగింపు కుండబద్దలు కొట్టేస్తాడు. వాటిలో సగానికి సగం తప్పులే. మిగతా సగమే జనం ప్రాణం తీసేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన కన్ను, కాదు, చెవి లైబ్రేరియన్ మీద పడింది.

"ఏం చదువుతున్నావమ్మా? పేజీలు తెగ తిరుగుతున్నాయి."

ఆమెకి ప్రాణమైన పుస్తకం అది. చెప్పకుండా ఉండలేకపోయింది.

"మాయలూ మంత్రాల కథండీ. మీ అత్తాకోడళ్ల నవలల్లాంటిది కాదు. కూతుర్ని బతికించుకోడానికి ఒక తల్లి పాముల రాజుకి తన ముఖం ఇచ్చేస్తుంది. ఏళ్లు గడిచాక, ఎవరిదో ముఖంతో ఇంటికొచ్చి తలుపు కొట్టింది. అక్కడున్నాను."

"పాములుంటేనేం, తోటికోడళ్లుంటేనేం తల్లీ! ఏ కథ చూసినా చివరికి అదే గొడవ. బయటున్నవాళ్లకి లోపలివాళ్లు తలుపు తీస్తారా, తియ్యరా?"

ఆ మాట ఆమెకి నచ్చింది. కానీ ఆ నచ్చడం ఎంతోసేపు నిలవలేదు.

"ఈ పిల్ల తియ్యదు. గుర్తుపట్టదుగా" అనేశాడు పెద్దాయన.

లైబ్రేరియన్‌కి ఒళ్లు మండిపోయింది. చిన్నప్పుడే అమ్మని పోగొట్టుకున్న మనిషి ఆమె. ఆ తలుపు గడియ మీద చెయ్యేసి నిలబడింది తానే అన్నట్టు చదువుతోంది.

"ఇంకొక్కరికి ముగింపు చెప్పారంటే ఈ గుమ్మం తొక్కొద్దు!"

పెద్దాయన గతుక్కుమన్నాడు. "కోప్పడకమ్మా. పూర్తిచెయ్యి. నేను చెప్పింది తప్పైతే వచ్చి నాలుగు తిట్టు."

"మీరు పూర్తిచేశాక ఇంకా నేను చేసేదేముంది?"

పుస్తకాన్ని సొరుగులో పడేసింది.

ఆ తర్వాత ఆయన నోరు విప్పలేదు. కొన్నాళ్లు అదే కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. ఎవరైనా బల్ల దగ్గరికొస్తే మాత్రం తల ఆమె వైపు తిప్పేవాడు. ఆమె చూడనట్టే ఉండేది. తర్వాత కుర్చీ ఖాళీ అయింది.

లైబ్రరీ ఆమె కోరుకున్నట్టే నిశ్శబ్దమైంది. ఎంత నిశ్శబ్దమంటే, కుట్టుమిషను అక్క కూడా రావడం తగ్గించేసింది.

"ఎవరితో పోట్లాడదామని చదవాలమ్మా?" అంది ఓసారి.

ఒక ముసురు రోజున, తోచక, లైబ్రేరియన్ సొరుగు లాగింది. చివరి పేజీలు చదివింది.

కూతురు తలుపు తీసింది! కిటికీలోంచి తొంగి కూడా చూడలేదు. ఆ తలుపు కొట్టిన తీరు విని, "అమ్మా" అంటూ గడియ లాగేసింది.

లైబ్రేరియన్ బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వుకుంది. తప్పు చెప్పావయ్యా పెద్దమనిషీ! రానీ, నీ పని చెప్తాను.

మర్నాటి నుంచి గుమ్మంలో అలికిడైతే చాలు, తలెత్తి చూసేది.

ఒకరోజు ఆ గొడుగే వచ్చింది. పట్టుకున్నది మాత్రం ఒక ముసలావిడ.

"ఆయన కార్డమ్మా ఇది. కిందటి నెల పోయారు. తిరిగిచ్చేద్దామని తెచ్చాను."

లైబ్రేరియన్ లేచి కార్డు అందుకుంది. నోట వచ్చిన మాట మాత్రం పరామర్శ కాదు.

"అత్తయ్యగారూ, మామయ్యగారు చెప్పింది తప్పండీ. కూతురు తలుపు తీసింది."

ముసలావిడ కళ్లు పెద్దవయ్యాయి. "తీసిందా! ఎలా గుర్తుపట్టింది?"

"తలుపు చప్పుడు విని."

"అయ్యో, ఈ ఒక్క మాట కోసం ఎంత తపించిపోయారమ్మా! ఇంటికొచ్చిందగ్గర్నుంచీ అదే ధ్యాస. 'ఆ అమ్మాయి చదవకుండా ఉండలేదు, వచ్చి నన్ను తిడుతుంది చూడు' అనేవారు. మంచం మీదున్నా వీధి తలుపు వెయ్యనివ్వలేదు."

లైబ్రేరియన్‌కి అర్థం కాలేదు. "చదివేసిన కథకి ఎదురుచూడటం ఏంటండీ? ఎప్పుడూ పుస్తకం ఆయన ఒళ్లోనే ఉండేదిగా?"

ముసలావిడ ఖాళీ కుర్చీని, దాని పక్కనున్న గుమ్మాన్ని చూసింది.

"ఒళ్లో ఉంటే ఏం లాభం తల్లీ, ఆయన కంటికి అక్షరం ఆనక ఎన్నేళ్లయిందో! నోటికొచ్చిన ముగింపు చెప్పి, మీరంతా కోపంతో వచ్చి అసలు కథ చెప్పేదాకా కాచుకుని కూర్చోవడం... అదేగా ఆయన చదువు!"